గుండె ధైర్యం గలవారికి మాత్రమే

సోమవారం పొద్దున ఉదయశ్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. దొండకాయ వేపుడు బాక్సులో సర్దుకోవాలి. మల్కాజిగిరిలో ఎనిమిదీ నలభైకల్లా నాచారం వెళ్ళే ఆటో ఎక్కాలి. పదింటికి టీ వచ్చే వేళకు ఏదో ఒక కాగితం పట్టుకుని ప్రొడక్షన్ మేనేజర్ సాయి కుమార్ గదిలోకి వెళ్ళి, మాటల్లో మాటగా, "సార్, ఆట ఎలా ఉంది?" అని అడగాలి. అంతే. ఆ ఒక్క ప్రశ్న అడగడం కోసం ఆవిడ పదకొండేళ్ళుగా ఎదురుచూస్తోంది.

ఉదయశ్రీ నాచారం పారిశ్రామికవాడలో తూకం యంత్రాలు తయారుచేసే కంపెనీలో పని చేస్తుంది. బయటికి వెళ్ళే ప్రతి యంత్రానికీ, దాన్ని పరీక్షించామనీ సక్రమంగా పనిచేస్తోందనీ సర్టిఫికెట్ రాయడం ఆవిడ ఉద్యోగం. ఆవిడ ప్రాణం మాత్రం కంప్యూటర్ ఆటల్లో ఉంది. అందరూ ఆడే ఆటల్లో కాదు; ఎవరూ ఆడని ఆటల్లో. మంచు కురిసే ఊళ్ళో ఉత్తరాలు వేరుచేసే పోస్టు గుమాస్తా ఆట. పాడైన రేడియోలు బాగుచేస్తూ వాటి యజమానుల కష్టసుఖాలు వినే ఆట. పాతికేళ్ళ కిందట వచ్చి, వచ్చినట్టు ఎవరికీ తెలియకుండానే మరుగున పడిపోయిన రైల్వే సిగ్నళ్ళ ఆట. ఎవరో ఒక్క మనిషి, ఒక్క గదిలో కూర్చుని, మూడేళ్ళు కష్టపడి చేసి ఉచితంగా పంచిపెట్టిన ఆటను ప్రపంచం మొత్తం మీద నూటపాతిక మంది ఆడారని చదివితే ఆవిడకు కడుపు తరుక్కుపోయేది.

అందుకని ఎవరు దొరికితే వాళ్ళకి ఆ ఆటల గురించి చెప్పేది. పెళ్ళిపందిట్లో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ళకి చెప్పింది. పళ్ళ డాక్టరుకు, నోరు తెరవమనేలోపు చెప్పింది. వాళ్ళంతా "అలాగా, తప్పకుండా ఆడతాం" అన్నారు. పదకొండేళ్ళలో ఒక్కళ్ళూ ఆడలేదు. సైనిక్‌పురిలో ఉండే తమ్ముడు గిరిప్రసాద్ కూడా, "భయపెట్టే ఆట ఏదైనా ఉంటే ఇవ్వక్కా" అని తీసుకెళ్ళి సొరుగులో పడేసేవాడు.

అలాంటిది శనివారం సాయంత్రం సాయి కుమార్ తనంతట తాను ఆవిడ బల్ల దగ్గరికి వచ్చాడు. నాలుగు నెలల కిందట ఆయన గుండెకు స్టెంటు వేశారు. అప్పట్నుంచి ఇంట్లో క్రికెట్ చూడనివ్వడంలేదు, వార్తలు చూడనివ్వడంలేదు, గట్టిగా మాట్లాడనివ్వడంలేదు.

"ఉదయశ్రీ గారు, మీరేదో ఆటలని చెప్తుంటరు గద. మనసు నిమ్మళం జేసేది ఏదన్న ఉంటె జర ఇయ్యిండి" అన్నాడు.

ఉదయశ్రీకి కళ్ళు చెమర్చాయి. బ్యాగులో అప్పటికే రెండు పెన్ డ్రైవులు ఉన్నాయి. రెండూ కంపెనీవాళ్ళు పంచిపెట్టిన నీలం రంగువే. ఒక్కోదానికీ ఒక చీటీ చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంచింది. ఒకటి ఆవిడ ఆ వారమే ఆడి మురిసిపోయిన మొక్కల ఆట: ఊరికెళ్ళిన పొరుగింటి ముసలమ్మ మొక్కలకు నీళ్ళు పొయ్యడం తప్ప అందులో మరేమీ ఉండదు. రెండోది గిరిప్రసాద్ కోసం తీసింది. ఆవిడ మొక్కల ఆట తీసి సాయి కుమార్ చేతిలో పెట్టింది. పెట్టాననుకుంది.

సోమవారం పదింటికి టీ వచ్చింది. సాయి కుమార్ రాలేదు.

"సార్ ఇంకా రాలేదా?" అని ఉదయశ్రీ ఆఫీసులో అందరికీ టీలిచ్చే శాంతాబాయిని అడిగింది. శాంతాబాయి ఆ కంపెనీలో ఇరవై రెండేళ్ళ నుంచి ఉంది. టీతోపాటు కబుర్లు కూడా ఆమే అన్ని గదులకూ చేరవేస్తుంది.

"రాలే మేడం. ఫోన్ జేస్తే బంద్ వస్తుంది. చెప్పకుండ నాగా వెట్టే మనిషి కాదు. అసలే స్టెంటు ఏసిన పానం" అని శాంతాబాయి గ్లాసు బల్ల మీద పెట్టి పోయింది.

ఉదయశ్రీ సర్టిఫికెట్లు ముందుకు లాక్కుంది. సంతకం పెట్టడానికి పెన్ను కోసం బ్యాగులో చెయ్యి పెడితే, తమ్ముడి కోసం ఉంచిన పొట్లం తగిలింది. ఊరికే చీటీ విప్పి చూసింది. చీటీ మీద తన చేతిరాతే: "మొక్కలకు నీళ్ళు పొయ్యండి. తొందరేమీ లేదు."

కుర్చీ, బల్ల, గోడ మీది క్యాలెండరు అన్నీ ఒక్కసారి గిర్రున తిరిగాయి.

అంటే సాయి కుమార్‌కు వెళ్ళింది మెట్ల ఆట. అందులో మనం ఒక పాత ఇంటి మెట్లు దిగుతూ ఉంటాం. దెయ్యం కనిపించదు. వెనకాల ఎవరో దిగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తుంది. మనం ఆగితే ఆ చప్పుడూ ఆగుతుంది, కాకపోతే ఒక్క అడుగు ఆలస్యంగా. ఆ ఆట ఆడిన తర్వాత ఉదయశ్రీ తమ అపార్టుమెంటులో నెల రోజులు మెట్లెక్కలేదు. కరెంటు పోతే లిఫ్టు వచ్చేదాకా కిందే కూర్చునేది. దానికి చుట్టిన చీటీ మీద ఏం రాసిందో ఆవిడకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఫోన్ ఆపేయండి. తలుపులు వేసుకోండి. ఒంటరిగా ఆడండి. గుండె ధైర్యం గలవారికి మాత్రమే."

సిబ్బంది ఫైలు తిరగేసి, ఆయన ఇంటి నెంబరు పట్టుకుంది. ఉప్పల్ పాత ఊళ్ళో వాళ్ళది సొంత ఇల్లు. ఆయన భార్య కల్పన టీచరు; ఏడున్నరకే బడికి వెళ్ళిపోతుంది. ఫోను ఎత్తింది ఆయన తల్లి ముత్తమ్మ.

"అమ్మా, నేను సార్ ఆఫీసు నుంచి. సార్ ఉన్నారా?"

"ఏడున్నడు బిడ్డా! పొద్దుగాల సంది పిలుస్తున్న, లేస్తలేడు. పలుకుతలేడు. అన్నం గిన్నె గట్లనే ఉన్నది."

ఉదయశ్రీ బల్ల అంచు పట్టుకుంది. "డాక్టర్ని... డాక్టర్ని పిలిచారా?"

"డాక్టరెందుకింక? ఆయనది అయిపోయె గద. మొన్నటిదాంక ఒకటే దడ, ఒకటే దడ. ఇప్పుడైతె సల్లగున్నడు. ఉండు బిడ్డా, టెంటోళ్ళు వచ్చిన్రు. కుర్చీలు యాడెయ్యాల్నని అడుగుతున్రు." ఫోను పెట్టేసింది.

టెంటు. కుర్చీలు. ఉదయశ్రీ నోట్లోంచి "నావల్లే!" అన్న మాట ఒక్కటే వచ్చింది. ఆ తర్వాత ఏడుపు వచ్చింది. ఖాళీ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చిన శాంతాబాయి గుమ్మంలోనే ఆగిపోయింది.

"సారుకేమన్న అయిందా మేడం?"

ఉదయశ్రీ తల అడ్డంగా ఊపిందో నిలువుగా ఊపిందో ఆవిడకే తెలియదు. శాంతాబాయికి అది చాలు. పది నిమిషాల్లో షెడ్డులో యంత్రాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం విని ఎండీ సత్యనారాయణమూర్తి తన గదిలోంచి బయటికి వచ్చారు. ఆయనది కాకినాడ వైపు. అరవై దాటిన మెత్తటి మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. నలభై మంది నూనె చేతులు కట్టుకుని నిలబడ్డారు. మౌనం అయిపోగానే ఉదయశ్రీ ఆయన దగ్గరికి పరుగెత్తింది.

"సార్, మీకొక విషయం చెప్పాలి. ఇందులో తప్పు నాదే."

"అందరికీ అలాగే అనిపిస్తుందమ్మా" అన్నారు ఆయన ఆవిడ భుజం తట్టి. "మొన్న శుక్రవారం డెస్పాచ్ ఆలస్యమైందని నేనూ అతన్ని కసిరాను."

"అది కాదు సార్. నేను ఆయనకొక ఆట ఇచ్చాను..."

"నేనూ మొన్న మిరపకాయ బజ్జీ తినిపిచ్చిన మేడం, వద్దంటున్నా" అని శాంతాబాయి కొంగు నోట్లో కుక్కుకుంది. స్టోర్సులో ఒకతను, సార్ చేత తానే నాలుగు మెట్లు ఎక్కించానని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ వరసలో ఉదయశ్రీ నేరం అందరికంటే చిన్నదిగా కనిపించింది.

"కంపెనీ బస్సులో అందరం వెళదాం. ఒక పెద్ద దండ తెప్పించండి" అన్నారు ఎండీ. "ఈలోగా ఉదయశ్రీ, నువ్వు ఒక సంతాప పత్రం రాసిపెట్టమ్మా. నీ రాత బావుంటుంది."

ఉదయశ్రీ జీవితంలో రాసినవన్నీ తూకం యంత్రాల సర్టిఫికెట్లే. చెయ్యి ఎటు అలవాటు పడితే అటే వెళ్ళింది. రాసిందేమిటో చదవకుండానే ఎండీ బల్ల మీద పెట్టేసి, బస్సు రాకముందే బయటపడి ఆటో ఎక్కింది. ఎందుకంత తొందర అని ఆవిడను అడిగితే సిగ్గుతో చచ్చిపోయేది. పోలీసులో బంధువులో కంప్యూటరుకున్న ఆ నీలం పెన్ డ్రైవును చూడకముందే దాన్ని లాగేసి దాచెయ్యాలని ఆవిడ ఆలోచన.

హబ్సిగూడ చౌరస్తాలో ఎర్ర దీపం పడింది. ఆటోలోంచే భర్త తేజేష్‌కు ఫోన్ చేసింది.

"ఏమండీ, నేను ఒక మనిషిని చంపేశాను."

"ఏ ఆటలో?" అన్నాడు తేజేష్, అటువైపు ఏదో టైపు చేసుకుంటూ.

"ఆటలో కాదండీ, ఉప్పల్లో!"

"ఉప్పలా? పేరు కొత్తగా ఉందే. సరే, మీటింగులో ఉన్నాను, ఇంటికొచ్చాక ఆడదాం" అని పెట్టేశాడు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆయన ఆడదాం అనడం అదే మొదటిసారి. ఆ సంతోషం అనుభవించే స్థితిలో ఉదయశ్రీ లేదు. మెట్రో స్తంభాలు ఒక్కొక్కటీ వెనక్కి పోతుంటే వాటిమీద నెంబర్లు లెక్కపెడుతూ, ఇంకెప్పుడూ ఎవరికీ ఏ ఆటా చెప్పనని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కింది.

ఉప్పల్ పాత ఊళ్ళో ఆటో దిగేసరికి సందు మొత్తం టెంటు కడుతున్నారు. సాయి కుమార్ ఇంటి గేటు ముందు ప్లాస్టిక్ కుర్చీలు నిలువెత్తు దొంతరలుగా పేర్చి ఉన్నాయి. అరుగు మీద ముత్తమ్మ చెంపకు చెయ్యి ఆనించుకుని కూర్చుని ఉంది. ఉదయశ్రీ చెప్పులు ఎలా విడిచిందో, ఏ చెప్పు ఎటు పడిందో తెలియదు.

"ఆఫీసు నుంచా బిడ్డా? లోపలి అర్రల ఉన్నడు. పోయి సూడు. నువ్వన్న పిలువు, నీ మాటకన్న పలుకుతడేమో" అంది ముత్తమ్మ.

లోపలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. ఉదయశ్రీ మెల్లగా తోసింది. కిటికీలకు దుప్పట్లు కట్టి ఉన్నాయి. చీకట్లో ఒక మూల నీలంగా వెలుతురు. ఆ వెలుతురులో కుర్చీ, కుర్చీలో వెనక్కి వాలిన మనిషి. మెడ ఒక పక్కకు ఒరిగి ఉంది. కదలిక లేదు. కంప్యూటరు పక్కన ఆ పెన్ డ్రైవు కొస మినుకుమినుకుమంటోంది.

ఆవిడ ఒక అడుగు వేసింది. కాలి మెట్టె గచ్చుకు తగిలి టక్కుమంది. ఇంకో అడుగు. టక్. కుర్చీలో మనిషి భుజం కొద్దిగా కదిలినట్టు అనిపించి చప్పున ఆగబోయింది. అయితే అప్పటికే లేచిన కాలు గాల్లో ఆగదు కదా. ఒక్క అడుగు ఆలస్యంగా పడింది. టక్.

కుర్చీలో మనిషి తల మెల్లగా వెనక్కి తిరిగింది. ఊడిన జడతో, ముఖమంతా కన్నీళ్ళ చారలతో, చెయ్యి ముందుకు చాపి ఒక ఆడమనిషి నిలబడి ఉండటం సాయి కుమార్ చూశాడు. చచ్చిపోయిన సాయి కుమార్ నోరు తెరవడం ఉదయశ్రీ చూసింది.

ఇద్దరూ కలిసి వేసిన కేకకు సందులో టెంటు కడుతున్నవాళ్ళు నిచ్చెన దిగేశారు. కుర్చీ బోర్లా పడింది. సాయి కుమార్ గోడకు అంటుకుపోయాడు. ఉదయశ్రీ తలుపుకు అంటుకుపోయింది.

"మీరా మేడం!" అన్నాడు ఆయన, గుండె మీద చెయ్యి పెట్టుకుని. "గట్లొచ్చిన్రేంది? పానం పోతుండె!"

"పోలేదా సార్?" అంది ఉదయశ్రీ.

పోలేదు. ఆదివారమంతా చుట్టాలొచ్చి ఆడటం కుదరలేదట. సోమవారం పొద్దున ఐదింటికి లేచి, ఆఫీసుకు వెళ్ళేలోపు ఒక్క అరగంట చూద్దామని మొదలుపెట్టాడట. చీటీలో రాసినట్టే ఫోన్ ఆపేశాడు, తలుపు వేసుకున్నాడు, చెవుల్లో దూది పెట్టుకున్నట్టు ఎవరు పిలిచినా పలకలేదు, ఆఫీసు సంగతే మరిచి కదలకుండా ఆ అడుగుల చప్పుడే వింటూ కూర్చున్నాడు. శనివారం డాక్టరు దగ్గర పరీక్షలన్నీ అయిపోయాయి, అన్నీ బాగున్నాయన్నారు. ముత్తమ్మ ఫోనులో చెప్పింది ఆ సంగతే. టెంటు పక్కింటివాళ్ళ అమ్మాయి నిశ్చితార్థానికి. సందు ఇరుకని కుర్చీలు వీళ్ళ గేటు ముందు దించారు.

ఉదయశ్రీ అక్కడే గచ్చు మీద కూలబడి, పెన్ డ్రైవులు తారుమారైన సంగతి మొత్తం చెప్పింది. "మీ గుండె సంగతి తెలిసీ నేనిలాంటి ఆట ఇచ్చానని మీరేమనుకున్నారో సార్. క్షమించండి. దాన్ని ఇచ్చేయండి, తీసుకుపోతాను."

సాయి కుమార్ బల్ల మీంచి చీటీ తీసి, అరచేతిలో పెట్టి సాపు చేశాడు.

"మేడం, నాలుగు నెలలాయె. లేస్తె వద్దంటున్రు, నవ్వితె వద్దంటున్రు. గాజు గిలాసను జూసినట్టు సూస్తున్రు నన్ను. పండుకున్నా, కూసున్నా, ఈ గుండె ఎప్పుడాగుతదో అని అదే ఫికర్. మీరొక్కలే రాసిన్రు, గుండె ధైర్యం ఉన్నోళ్ళకని. అది సదివి, మేడం నన్ను గిట్ల కూడ అనుకుంటున్నరా అని మస్తు ఖుషీ అయిన. పొద్దుగాల సంది ఎనకొచ్చే ఆ అడుగులకు భయపడ్డ గని, నా గుండె సంగతే యాదికి రాలే."

పదకొండేళ్ళ తర్వాత ఒక మనిషి ఉదయశ్రీ చెప్పిన ఆట ఆడాడు. ఏడవాలో నవ్వాలో తేల్చుకునేలోపు బయట బస్సు ఆగిన చప్పుడైంది.

ఆవిడ ఒక్క గంతులో లేచింది. "సార్, మీరు బయటికి రాకండి! లేదా, రండి! అయ్యో, చొక్కా వేసుకుని రండి!"

అప్పటికే ఆలస్యమైంది. ఏం గొడవో చూద్దామని సాయి కుమార్ లుంగీ, బనియన్ మీదే గుమ్మంలోకి వచ్చాడు. గేటు దగ్గర ఎండీ సత్యనారాయణమూర్తి, ఆయన వెనక నలభై మంది, ఇద్దరు పట్టుకుంటే గాని ఆగని బంతిపూల దండ. ముత్తమ్మ మురిసిపోయి, "మా కొడుకుకు సన్మానమా బిడ్డా?" అంది.

ముందుగా నోరు తెరిచింది శాంతాబాయి.

"అయ్యో సార్! మీరేంది ఉన్నరు!"

"ఏమాయె? ఉండొద్దా?" అన్నాడు సాయి కుమార్.

ఎండీ చేతిలోంచి కాగితం జారి అరుగు మీద పడింది. సాయి కుమార్ వంగి తీశాడు. ఉదయశ్రీ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆయన పైకే చదివాడు: "కీర్తిశేషులు సాయి కుమార్ గారు మా సంస్థ నందు పందొమ్మిది సంవత్సరములు ఎట్టి లోపమూ లేక, నిర్ణీత ప్రమాణములకు లోబడి, సక్రమముగా పనిచేసినారని ధ్రువీకరించడమైనది." చదివి కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "మళ్ళ పరీక్ష తేదీ రాయలేదేంది మేడం?"

అప్పుడు నవ్వారు అందరూ. ఎండీ మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ చాలాసేపు ఆయన చెయ్యి వదలలేదు. డెస్పాచ్ ఎంత ఆలస్యమైనా ఫరవాలేదన్నారు. దండను పక్కింటివాళ్ళ టెంటుకు కట్టేశారు. ముత్తమ్మ నలభై మందికీ చాయ్ పెట్టిస్తానని పక్కింటి వంటవాళ్ళ మీదికి వెళ్ళింది. ఇక నెమ్మదిగా జారుకుందామని ఉదయశ్రీ చెప్పులు వెతుక్కుంటూ ఉండగా సాయి కుమార్ అందరిలోనూ కేకేశాడు.

"మేడం, పోకుండ్రి! గా మూడో అంతస్తు కాడ ఇరుక్కపోయిన. దీపం ఆరిపోంగనే ఎనకకు మర్లాల్నా, ముందటికి ఉరకాల్నా? మీరెట్ల దాటిన్రు?"

నలభై మంది ఆవిడ వైపు చూశారు. ఉదయశ్రీ తన ఆటల వివరాలు రాసుకునే పుస్తకంలో ఆ ఆటకు అయిదు నక్షత్రాలు వేసుకుంది. గుండె ధైర్యం గలవారికి అని చీటీ రాసింది. నిజానికి రెండో అంతస్తులో, ఆ చప్పుడు మొదటిసారి ఆలస్యంగా ఆగినప్పుడే, కంప్యూటరు ప్లగ్గు పీకేసి వంటింట్లోకి పరుగెత్తింది.

"నేను... అక్కడిదాకా వెళ్ళలేదు సార్" అంది.

"ఆడకుండనే సెప్పిన్రా?" అంది శాంతాబాయి.

ఆ మాటకు ఉదయశ్రీ పౌరుషం లేచింది. పదకొండేళ్ళుగా వినని మనుషులు ఇవాళ నలభై మంది వినడానికి నిలబడితే, వెనక్కి తగ్గడం ఆవిడ వల్ల కాలేదు. "ఇప్పుడు ఆడతాను" అని లోపలికి నడిచింది. సాయి కుమార్ కుర్చీ నిలబెట్టి ఆవిడను కూర్చోబెట్టాడు. గదిలో పట్టినంత మంది పట్టారు, మిగతావాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు. దుప్పట్లు మళ్ళీ కిటికీలకు దించారు. మొదటి అంతస్తు దిగింది. రెండోది, పెదవి కొరుక్కుంటూ, అదీ దిగింది. మూడో అంతస్తు మలుపులో దీపం ఆరిపోయింది. నలభై మంది ఊపిరి బిగబట్టారు. సరిగ్గా అప్పుడు ముత్తమ్మ వెనక నుంచి వచ్చి, "చాయ్ బిడ్డా" అని ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

సాయి కుమార్‌ను చూసే డాక్టరు దగ్గరే, సాయి కుమారే పక్కన నిలబడి ఫికర్ జేయొద్దని ధైర్యం చెబుతుండగా, మధ్యాహ్నం రెండు గంటలకు ఉదయశ్రీకి ఈసీజీ తీశారు.